బెర్నీస్ పిట్లాక్ కడుపుమంట

న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో నగరాన్ని ఆనుకుని ఉన్న చీక్టోవాగాలో మేము పనిచేసే ఇంటికి బెర్నీస్ పిట్లాక్ వస్తోందంటే, తలుపు తట్టకముందే ఆవిడ గొంతు వినిపించేది. బ్రాడ్వే మార్కెట్లో సాసేజీల కొట్టు వెనక సగం జీవితం నిలబడి బేరాలాడిన గొంతు అది. డెబ్బై దాటినా పదును తగ్గలేదు.

"ఏమే లూఆన్, మెట్ల మీద మంచు అలాగే ఉంది! నా తుంటి మళ్ళీ విరిగితే మీ సంస్థ కొత్తది వేయిస్తుందా?" అని నా మీద అరుస్తూ లోపలికొచ్చేది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె, అందులో కొడుకు కోసం బంగాళాదుంప కూరి, కజ్జికాయల్లా మడిచి చేసిన పియెరోగీలు. వచ్చీ రాగానే ఆవిడ కళ్ళు రెండు సంగతులు వెతికేవి. కొడుకు నార్బర్ట్ ఎక్కడున్నాడా అని ఒకటి, నాతో పనిచేసే ఒడెస్సా వాడికి ఎంత దగ్గరలో ఉందా అని ఒకటి.

మా ఇంట్లో ఐదుగురు మగవాళ్ళుంటారు. ఒళ్ళు పెరిగినంతగా బుద్ధి పెరగనివాళ్ళు. వాళ్ళ స్నానాలు, తిండి, మందులు, గుండీలు, కోపాలు, ఏడుపులు అన్నీ మాలాంటివాళ్ళం చూసుకుంటాం. ఇల్లు ఒక సంస్థది. డబ్బు మాత్రం రాజధాని ఆల్బనీ నుంచి, రాష్ట్ర ప్రభుత్వం నుంచి రావాలి. రోడ్డుకి అవతల ఉన్న బర్గర్ల కొట్టులో కుర్రపిల్లలకి మాకన్నా ఎక్కువ ఇస్తారు. కొత్తగా చేరినవాళ్ళు నెల తిరక్కుండా రోడ్డు దాటేసేవాళ్ళు. అలా దాటకుండా మిగిలినవాళ్ళలో నేనొకదాన్ని, ఒడెస్సా టిలరీ ఒకతె.

నార్బర్ట్ పుట్టినప్పుడు వాణ్ణి దూరంగా ఉన్న పెద్ద ఆశ్రమానికి పంపేయమని డాక్టర్లు చెప్పారట. బెర్నీస్ పంపలేదు. వాడికి బడి ఈడు వచ్చినప్పుడు ఇలాంటి పిల్లలకు చోటు లేదన్నారు బడివాళ్ళు. ఆవిడ ఆ బడి ఆఫీసులో బెంచీ మీద కూర్చుంది, సాసేజీ రొట్టె పొట్లం ఒళ్ళో పెట్టుకుని, పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. రోజూ వచ్చి కూర్చుంది. చివరికి ఆ వాసన భరించలేకే చోటిచ్చారని ఆవిడే నవ్వుతూ చెప్పేది. మొగుడు ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి, ఫ్యాక్టరీ మూతపడ్డాక మనసు విరిగి కన్నుమూశాడు. ఆ తర్వాత తల్లీ కొడుకులే. ముప్పై ఆరేళ్ళు వాడి ముద్ద ఆవిడే కలిపింది, వాడి గడ్డం ఆవిడే గీసింది. మెట్ల మీద పడి తుంటి విరిగాక గానీ వాణ్ణి మాకు అప్పగించలేదు. అప్పగించిన రోజున వాకిట్లో నిలబడి నాతో, "ఆర్నెల్లే లూఆన్. కాలు కుదుటపడగానే తీసుకుపోతా" అంది.

కాలు కుదుటపడింది. కానీ అప్పటికి నార్బర్ట్‌కి ఒడెస్సా దొరికింది.

ఒడెస్సాకి అప్పుడు ముప్పై మూడో నాలుగో. బఫెలో తూర్పు వైపు పిల్ల. పొడుగ్గా, రోజుకో రంగు గోళ్ళతో, నోట్లో ఎప్పుడూ ఏదో కూనిరాగంతో ఉండేది. నార్బర్ట్‌కి రేజరంటే చచ్చే భయం. ఒడెస్సా ముందు తన బుగ్గలకే నురగ రాసుకునేది. వాడు పగలబడి నవ్వేవాడు. "ఏదీ, గడ్డం పైకెత్తు నా రాజా" అంటూ ఆ నవ్వులోనే గీసేసేది. వాడికి వచ్చిన మాటలు చాలా తక్కువ. ఆ కొద్దిలో 'డెస్సా' అన్న మాట వచ్చి చేరింది.

బెర్నీస్‌కి మొదటి దెబ్బ ఈస్టరు నాడు తగిలింది. ప్రతి ఈస్టరుకీ ఆవిడ మార్కెట్టు నుంచి వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మను తెచ్చేది. దాని తలకాయ కోసి ఇష్టమైనవాళ్ళ రొట్టె మీద పెట్టడం నార్బర్ట్‌కి చిన్ననాటి నుంచీ అలవాటు. ఆ తల ఎప్పుడూ అమ్మదే. ఆ ఏడు వాడు కత్తి తీసుకుని, నాలుక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా తల కోశాడు. బెర్నీస్ తన పళ్ళెం ముందుకు జరిపింది. వాడు కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఒడెస్సా రొట్టె మీద పెట్టాడు.

"అయ్యో, అమ్మకి పెట్టు నాన్నా, అమ్మకి" అని ఒడెస్సా గాభరాపడింది.

"పరవాలేదులే, తిను. నాకు వెన్న పడదు" అంది బెర్నీస్. పడకపోవడం ఏమిటి, ఆవిడ వంటంతా వెన్నే.

ఆ తర్వాత ఆదివారాలు మొదలయ్యాయి. ఆదివారం ఆదివారం వాణ్ణి కైజర్‌టౌన్‌లో తన ఇంటికి తీసుకెళ్ళేది. వాడు పుట్టి పెరిగిన ఇల్లు. వాడికిష్టమని క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి గోలుంప్కీ వండేది, వాడి పాత రైలుబొమ్మ తీసి కింద పరిచేది. వాడు తినేవాడు, ఆడేవాడు. తిన్న పళ్ళెం తీయగానే వెళ్ళి కోటు వేసుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. మా వ్యాన్ కోసం. "ఇంటికి" అనేవాడు.

"ఇదే కదరా ఇల్లు" అనేది ఆవిడ.

"ఇంటికి. డెస్సా."

ఆవిడే తర్వాత ఒకరోజు నాతో చెప్పింది. "వాడి కోటు గుండీలు విప్పుదామని చెయ్యి వేశానే. నా చెయ్యి పట్టుకుని మెల్లిగా పక్కకి పెట్టాడు. విసురుగా కాదు, మెల్లిగా. కొట్టినా బాగుండేది."

అప్పట్నుంచి ఒడెస్సా ఏం చేసినా తప్పే. గోళ్ళు పొడుగు, పిల్లాడికి గీసుకుంటాయి. పాట గట్టిగా ఉంది. చొక్కా ఇస్త్రీ లేదు. పియెరోగీని నాలుగు ముక్కలు చేస్తోంది, రెండు చేయాలి. ఒడెస్సా, "సరే బెర్నీస్ గారూ, రెండే చేస్తా" అనేది. రెండు చేసి పెడితే నార్బర్ట్ వేలితో చూపించి, "నాలుగు" అనేవాడు. బెర్నీస్ ముఖం బీట్‌రూట్ సూపు రంగుకి తిరిగేది.

ఒకసారి ఫిర్యాదు కూడా చేసింది. మా మేనేజరు డగ్ గదిలోకి వెళ్ళి, ఆ పిల్ల మా వాణ్ణి మరీ చంకనేసుకుంటోంది, వేరే ఇంటికి మార్చండి అంది. డగ్ తల గోక్కున్నాడు. "ఏం తప్పు చేసిందని రాసుకోమంటారు?" అన్నాడు. ఆవిడ గిన్నె తీసుకుని బయటికొచ్చేసింది.

ఆ శీతాకాలం సంస్థవాళ్ళు ఆల్బనీకి బస్సు వేశారు. బడ్జెట్ తయారయ్యే రోజులు. మా జీతాలు పెంచమని పనివాళ్ళూ, ఇళ్ళలో ఉండేవాళ్ళ తల్లిదండ్రులూ వెళ్ళి శాసనసభ్యులకు మొరపెట్టుకోవాలని. మేం వెళ్ళి అడిగితే మా స్వార్థం అంటారు, తల్లులు అడిగితే వింటారు. తల్లుల్లో నోరున్న తల్లి అంటే అందరికీ గుర్తొచ్చేది ఒక్కరే. డగ్ డోనట్ల పెట్టె పట్టుకుని కైజర్‌టౌన్ వెళ్ళాడు, నన్ను వెంటబెట్టుకుని.

బెర్నీస్ డోనట్ తీసుకుంది. అంతా వింది. విని, "ఎవరికి పెంచమంటావు?" అంది.

"అందరికీ. లూఆన్‌కి, ఒడెస్సాకి..."

"ఓహో. నా కొడుకు ప్రేమంతా ఆ పిల్ల పట్టుకుపోయింది. ఇప్పుడు దానికి జీతం కూడా పెంచమని నేనే వెళ్ళి చెయ్యి చాపాలా?"

డగ్ గొణిగాడు. "అది కాదు బెర్నీస్ గారూ. ఆ పిల్ల ఈ పనితో పాటు వారాంతాల్లో కోడిరెక్కల హోటల్లో కూడా చేస్తోంది. ఎన్నాళ్ళు నిలుస్తుందో..."

"ముప్పై ఆరేళ్ళు నేను చేశాను డగ్. అదే పని. ఒంటి చేత్తో. నాకెవడిచ్చాడు జీతం?"

నిజమే కదా, ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ డోనట్ల పెట్టెకి మూత పెట్టి తిరిగి డగ్ చేతికిచ్చేసింది. బస్సు ఆవిడ లేకుండానే వెళ్ళింది. ఆ ఏడాది మాకు దక్కింది చిల్లర పెంపు.

మే నెలలో ఒడెస్సా మానేసింది. క్లారెన్స్ ఊరి వైపు, డబ్బున్నవాళ్ళు ఊళ్ళకెళ్ళేటప్పుడు కుక్కల్ని వదిలి వెళ్ళే పెద్ద వసతి ఉంది. అందులో చేరింది. గంటకి మూడు డాలర్లు ఎక్కువ, శనివారం సెలవు. ఆఖరి రోజున నార్బర్ట్‌కి గడ్డం గీసి, బుగ్గ నిమిరి, రేపు రానని చెప్పింది. వాడికి 'రేపు' అన్న మాట అర్థం కాదు. నవ్వాడు.

కబురు విన్న మర్నాడే బెర్నీస్ వచ్చింది. పెదాలకి రంగు వేసుకుని, గసగసాల రొట్టె చుట్ట చేసుకుని. ఇంట్లో అందరికీ ముక్కలు కోసి పంచింది. "పోయిందా పోయిందీ! కుక్కల దగ్గరికా? బావుంది, బావుంది" అని రెండుసార్లు అంది. ఆ వారం రోజూ వచ్చింది. వాడి పక్కనే కూర్చుంది. వాడు ఆవిడ వైపు తిరుగుతాడని చూసింది.

వాడు తిరగలేదు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. కైజర్‌టౌన్‌లో ఒక కిటికీ ఉంటే, ఇప్పుడు మా ఇంట్లోనూ ఒకటి వెలిసింది. ఒడెస్సా కారు ఆగే చోటు అక్కణ్ణుంచి కనిపిస్తుంది.

ఒడెస్సా స్థానంలోకి ఒకతె వచ్చింది, పోయింది. ఇంకొకతను వచ్చాడు, నార్బర్ట్ గుద్దితే పోయాడు. రేజరు తీస్తే చాలు వాడు బాత్రూం తలుపు మూసుకునేవాడు. గడ్డం మేకపోతులా పెరిగింది, తిండి తగ్గింది, ప్యాంటు జారిపోతోంది. బెర్నీస్ ఒకరోజు, "ఇలా తే, నేను గీస్తా. ఇరవయ్యేళ్ళు గీశాను" అని రేజరు అందుకుంది. వాడు చెయ్యి విసిరాడు. ఆవిడ స్నానాల తొట్టి అంచున కూలబడింది. దెబ్బేం తగల్లేదు. అయినా చాలాసేపు లేవలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం నా షిఫ్టు అయిపోయి కారు తీస్తుంటే వచ్చి పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. "ఆ కుక్కల చోటికి పోనీ" అంది.

"ఎందుకండీ?"

"చూడ్డానికి. డబ్బులిచ్చే కొలువు ఎలా ఉంటుందో చూద్దాం."

అక్కడ చల్లగా, శుభ్రంగా ఉంది. అద్దాల వెనక వరసగా స్నానాల తొట్లు. ఒడెస్సా మాకు వీపు పెట్టి నిలబడి, తెల్లటి పెద్ద పూడిల్‌కి ఒళ్ళు రుద్దుతోంది. తలుపు సందులోంచి పాట వినిపిస్తోంది. పాట ఆపి, కుక్క దవడ కింద చెయ్యి పెట్టి, "ఏదీ, గడ్డం పైకెత్తు నా రాజా" అంది. కుక్క ఎత్తింది.

నా పక్కన బెర్నీస్ తలుపు ఇంకాస్త తోసింది. ఆవిణ్ణి ఎన్నోసార్లు కుళ్ళుకుంటూ చూశాను గానీ అంత కుళ్ళు ఎన్నడూ చూడలేదు. ఆ కుక్క వైపు చూసిన చూపుకి దాని బొచ్చు కాలిపోవాల్సింది.

ఒడెస్సా వెనక్కి తిరిగింది. చేతుల నిండా నురగ. "ఏంటి బెర్నీస్ గారూ? కుక్కని తెచ్చారా?"

"నాకు కుక్కెక్కడిది? నార్బీ గడ్డం పెరిగిపోయింది."

"ఎవరూ గీయట్లేదా?"

"గీయనివ్వట్లేదు." ఆవిడ గొంతు మొదటిసారి చిన్నదైంది. "నన్ను కూడా."

ఒడెస్సా చేతులు కడుక్కుంది. కుక్క మీద తుండు కప్పింది. "నేను పోగానే రొట్టె పంచారటగా."

బెర్నీస్ నావైపు గుర్రుగా చూసింది. నేను పూడిల్ వైపు చూశాను.

"పంచాను. అయితే ఏంటి? నా కొడుకు నిన్ను చూసినట్టు నన్ను చూడ్డంలేదు. నీకిలా జరిగితే తెలిసేది."

"నాకు తెలీదనుకున్నారా?" ఒడెస్సా గొంతు లేచింది. "మీ అబ్బాయికి నేను ముద్దలు తినిపిస్తుంటే నా కూతురు ఇంట్లో డబ్బాలో నూడుల్స్ ఒక్కతే తినేది. పొద్దున మీవాడి దగ్గర, సాయంత్రం రెండో షిఫ్టు, వారాంతం హోటలు. ఒకరోజు నా పిల్ల ఏమందో తెలుసా? ఆ నార్బర్ట్ చచ్చిపోతే నువ్వు ఇంట్లో ఉంటావా అమ్మా అంది. పదమూడేళ్ళ పిల్ల! ఎన్నడూ చూడని మనిషి మీద పడి ఏడ్చింది. నేను దాన్ని కొట్టబోయి ఆగిపోయాను. ఏ మొహంతో కొట్టను?"

తొట్టిలో నీళ్ళు సుడి తిరిగి పోతున్నాయి. బెర్నీస్ అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"కుక్కలకి మా వాడికన్నా ఎక్కువ ఇస్తున్నారా నీకు?"

"కుక్కల యజమానులు తామే ఇస్తారండీ. నార్బీ డబ్బు ఆల్బనీ నుంచి రావాలి. ఆల్బనీకి బస్సు వెళ్ళింది కదా? నేనెక్కాను, లూఆన్ ఎక్కింది. మీ సీటు ఖాళీగా వెళ్ళింది."

తిరుగుదారిలో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. టోల్ గేటు దాటాక అంది. "ఆ కుక్క మొహం చూశావే లూఆన్? ఎంత పొగరో దానికి."

ఫిబ్రవరి వచ్చింది. ఆల్బనీ బస్సు తెల్లవారకముందే బయలుదేరుతుంది. మేం వెళ్ళేసరికి బెర్నీస్ అప్పటికే ముందు సీట్లో ఉంది, ఒళ్ళో పొట్లంతో. బస్సంతా వెల్లుల్లి సాసేజీ వాసన. దారి పొడుగునా ఎవరో ఒకరు ఆవిడకి ఏం మాట్లాడాలో చెప్పబోయారు. ఆవిడ ఎవరి మాటా వినలేదు.

మాకు దొరికిన శాసనసభ్యుడు మంచివాడే. కుర్చీలు వేయించాడు, కాఫీ ఇప్పించాడు. అంతా విన్నాక చేతులు జోడించినంత పనిచేసి, "మీ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు నిజంగా గొప్పవాళ్ళమ్మా. అది డబ్బు కోసం చేసే పని కాదు, ప్రేమతో చేసే పని" అన్నాడు.

బెర్నీస్ కాఫీ కప్పు కింద పెట్టింది.

"నాయనా, ప్రేమతో ముప్పై ఆరేళ్ళు నేను చేశాను. నాకంటే ఆ పిల్ల బాగా చేసింది. ఈ మాట చెప్పడానికి నాకు నోరు రావట్లేదు, చూస్తున్నావుగా. దాన్ని చూసి కుళ్ళిపోయాను. నా పిల్లాడు నన్ను దాటుకుని దాని దగ్గరికి పోతుంటే, అది మానేసి పోతే బావుణ్ణు అనుకున్నాను. అది పోయిననాడు పండగ చేసుకున్నాను. పోయినేడు ఈ బస్సు ఎక్కమంటే అందుకే ఎక్కలేదు." ఆగి ఊపిరి తీసుకుంది. "నాకొక్కటి చెప్పు. పనికిమాలిన పని చేసేవాళ్ళని చూసి ఎవరైనా కుళ్ళుకుంటారా? నేను సాసేజీలు అమ్మాను. నాకంటే బాగా అమ్మేవాణ్ణి చూసే కుళ్ళుకున్నాను. చేతగానివాణ్ణి చూసి కాదు. ఆ పిల్లకి పనొచ్చు. పనొచ్చినవాళ్ళకి కూలి ఇవ్వాలి. నాకివ్వలేదు కాబట్టి దానికీ అక్కర్లేదని నేననుకున్నాను చూడు, నువ్వు అలా అనుకోకు."

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆ రాసుకోవడం వల్లనో, ఇంకెవరి మాటల వల్లనో, వసంతంలో బడ్జెట్ వచ్చినప్పుడు మేం అడిగినదాంట్లో సగం వచ్చింది. సగమే. కుక్కల వసతి ఇచ్చేదానికి ఇంకా కాస్త తక్కువే. కానీ బర్గర్ల కొట్టుని దాటాం. ఆ వేసవిలో కొత్తగా చేరిన ఇద్దరు రోడ్డు దాటకుండా మా దగ్గరే ఉండిపోయారు.

ఒడెస్సాకి డగ్ ఫోన్ చేశాడు. ఆమె తన షరతులు చెప్పింది. రెండు షిఫ్టులు వరసగా చేయను, శనివారాలు కూతురివి, ఎవరు మానేసినా ఆ రోజులు అడక్కండి అంది. మనుషుల్లేక అల్లాడుతున్న సంస్థ మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. ఆదివారం పూట మాత్రం కుక్కల దగ్గరికి వెళ్తానంది. అదీ ఒప్పుకున్నారు.

ఆమె తిరిగొచ్చే రోజున బెర్నీస్ పొద్దున్నే వచ్చేసింది. చూడ్డానికి రాలేదుట, గిన్నె తీసుకెళ్ళడానికి వచ్చిందిట. సోఫాలో కూర్చుని తలుపు వైపు చూడకుండా చూస్తోంది. చెవి కింద నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. ఎంతైనా వాడు లేచి ఒడెస్సా దగ్గరికి పరిగెడతాడు, అది తను చూడాలి.

ఒడెస్సా లోపలికొచ్చింది. కిటికీ దగ్గరున్న నార్బర్ట్ తిరిగి చూశాడు. గడ్డం గుండెల మీదికి జారి ఉంది. ఆమెను కిందినుంచి పైకి చూశాడు. గబగబా నడిచి వెళ్ళి తల్లి పక్కన కూలబడి, ఆవిడ భుజంలో మొహం దాచుకున్నాడు.

"డెస్సా చెడ్డ" అన్నాడు. "అమ్మ. అమ్మ."

"అవును రాజా, చెడ్డదాన్నే" అంది ఒడెస్సా. కళ్ళు తుడుచుకుంది. "నేను వంటింట్లో ఉంటాలే. నీ కోపం తీరాక రా." వెళ్ళి బంగాళాదుంపలు ముందేసుకుని కూర్చుంది.

బెర్నీస్ కొడుకు తల మీద చెయ్యి వేసింది. వెళ్ళరా అని ఒక్కమాట చెప్తే వాడు లేచి ఒడెస్సా దగ్గరికి వెళ్తాడు, అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ చెప్పలేదు. నేను బట్టల బుట్ట ఎత్తుకుని అటు నడవబోతే కళ్ళతోనే ఆపేసింది.

"కదలకే" అని గుసగుసలాడింది. "చప్పుడైతే లేస్తాడు."

మధ్యాహ్నం భోజనాల దాకా వాడు లేవలేదు. ఆవిడ చెయ్యి తిమ్మిరెక్కి వేళ్ళు తెల్లబడ్డాయి. మందుల వేళ దాటుతోందని చెబితే ఇక్కడికే తెమ్మంది. వంటింట్లోంచి దుంపలు వేగే వాసనతో పాటు కూనిరాగం వస్తుంటే, వినపడకుండా వాడి చెవి మీద అరచెయ్యి మూసి పట్టుకుని కూర్చుంది.